ముప్పై ఆరు సెకన్ల ఒరగల్లు

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల వెనక సందుల్లో కంసాలుల పనిగదులుంటాయి. అట్లాంటి ఒక ఇంటి పిల్లవాడు బీకాం అయిపోయాక బ్యాంకు పరీక్షలకు చదువుతూ నా దగ్గరికి లెక్కలు చెప్పించుకోడానికి వచ్చేవాడు. ఒకరోజు మాక్ టెస్టులో మిశ్రమాల లెక్క వదిలేశాడు. రెండు ధరల బియ్యాన్ని ఏ పాళ్లలో కలిపితే ఫలానా ధర వస్తుందనే లెక్క అది. ఇంగ్లీషులో నాలుగు వరసల ప్రశ్న. ‘చదివేలోపే టైమైపోయింది సార్’ అన్నాడు. కాగితం పక్కన పెట్టించి అడిగాను: ‘మీ నాయనకు 22 క్యారెట్ ముద్ద పన్నెండు గ్రాములు కావాల. మేలిమి ఎంత, రాగి ఎంత?’ కళ్లు కూడా ఆర్పలేదు. ‘పదకొండుకు ఒకటి సార్.’ కుంపటి ముందు కూచుని, మూసలో వెలిగారం చల్లి, నాయన పక్కన పదేళ్లుగా చేస్తున్న లెక్క. ప్రశ్నపత్రంలో ఉన్నదీ అదే లెక్క.

ఆ పిల్లవాడికి లెక్కల మీద పట్టు ఉన్నట్టా, లేనట్టా? డిగ్రీ చదివినవాళ్లను ఉద్యోగానికి ఎంపిక చేసే పరీక్షల గురించి నూరేళ్లుగా సాగుతున్న వాదమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. ఆప్టిట్యూడ్ టెస్టు ఒక మనిషిలో నిజంగా దేన్ని కొలుస్తోంది? ఈమధ్య దానికి తోడైన ‘మీ బలాలేమిటి, మీ వ్యక్తిత్వం ఎలాంటిది’ అనే ప్రశ్నావళి దేన్ని పట్టుకుంటోంది? అవి కొలిచేదానికీ, ఆ ఉద్యోగంలో చేయాల్సిన పనికీ ఉన్న సంబంధాన్ని ఎవరైనా చూశారా? నేను ముప్పై ఏళ్లుగా ఈ పిల్లల మధ్య ఉన్నాను కాబట్టి చూసింది చెబుతాను. పరిశోధకులు తేల్చింది కూడా చెబుతాను.

మనిషిని పరీక్షించి పనిలో పెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనే మంత్రులను ధర్మం, అర్థం, కామం, భయం అనే నాలుగు విధాల పరీక్షించమని ఉంది. అందులో నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి మాట. ధర్మపరీక్షలో నిలిచినవాణ్ణి న్యాయం చెప్పే పనికి, డబ్బు ఆశకు లొంగనివాణ్ణి ఖజానాకు, ఇలా ఏ పరీక్షలో నెగ్గితే దానికి తగిన పని ఇవ్వమంటాడు. పరీక్షకూ పనికీ ముడి వేసే ఆ పద్ధతి తర్వాతి కాలంలో చాలాచోట్ల తెగిపోయింది. 1854లో మెకాలే కమిటీ సివిల్ సర్వీసుకు పోటీ పరీక్ష పెట్టమన్నప్పుడు అందులో గ్రీకు, లాటిన్, ఇంగ్లీషు సాహిత్యాలకు పెద్దపీట వేసింది. చదువులో ముందున్నవాడు ఏ పనిలోనైనా ముందుంటాడనేది వాళ్ల నమ్మకం. 1855లో లండన్‌లో మొదలైన ఆ పరీక్షను మన గడ్డమీద కూడా పెట్టడానికి 1922 దాకా ఆగాల్సి వచ్చింది. ఇక ఇప్పుడు మనం చూస్తున్న గుండ్రాలు దిద్దే పరీక్షల వంశం వేరు. 1905లో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే తయారుచేసిన ప్రశ్నలు బడిలో వెనకబడిన పిల్లలను గుర్తించి సాయం చేయడానికి పుట్టాయి. పన్నెండేళ్లకే, 1917లో, అమెరికా సైన్యం ఆ తరహా ప్రశ్నలను పెద్దవాళ్ల మీద ప్రయోగించి 17 లక్షల మందిని గ్రేడులుగా విడదీసింది. సాయం చేయడానికి పుట్టిన కొలత వడపోతకు మళ్లింది అక్కడే.

మన దగ్గరికొస్తే, రాయలసీమలో బ్యాంకు కోచింగ్ అంటే నంద్యాల. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి డిగ్రీ అయిపోయిన పిల్లలు మైదుకూరు మీదుగా బస్సెక్కి నంద్యాలకు పోయేవాళ్లు. 2016లో ఎర్రగుంట్ల–నంద్యాల రైలుమార్గం పూర్తయ్యాక ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో ఎక్కి కోవెలకుంట్ల, బనగానపల్లె దాటి పోవడం తేలికైంది. గదికి నలుగురు, మెస్సు టోకెన్లు, గోడకు అతికించిన వర్గాలూ ఘనాల పట్టిక, చేతిలో ఆర్.ఎస్. అగర్వాల్ పుస్తకం. బ్యాంకు పీవో ప్రిలిమ్స్‌లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 36 సెకన్లు. గ్రామీణ బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో 45 నిమిషాలకు 80. ఇంజినీరింగ్ పిల్లల దారి ఇంకొకటి. గేట్‌లో 2010 నుంచి 100 మార్కుల్లో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌కు కేటాయించారు. కంపెనీల పరీక్షలు వేరే. 2008లో మొదలైన ఆస్పైరింగ్ మైండ్స్ వారి ఆమ్‌క్యాట్, 2018 నుంచి టీసీఎస్ పెడుతున్న నేషనల్ క్వాలిఫయర్ టెస్టు పేర్లు మూడో సంవత్సరానికే ప్రతి విద్యార్థి నోటా ఉంటాయి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం 1.26 లక్షలకు పైగా పోస్టులు పడితే 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అందులోనూ మెంటల్ ఎబిలిటీ. గ్రూప్–2 ప్రిలిమ్స్ కొత్త పద్ధతిలో 150 మార్కులకు 30 మెంటల్ ఎబిలిటీవే. ఏ తలుపు తట్టినా గడప దగ్గర ఇదే కూచుని ఉంది.

ఈ పరీక్షలను పూర్తిగా తీసిపారేయమనేవాళ్లతో నేను ఏకీభవించను. పరీక్ష లేని రోజుల్లో ఉద్యోగాలు ఎలా వచ్చేవో మా తరానికి తెలుసు. ఎవరి తాలూకా, ఎవరి ఉత్తరం, ఎవరి ఫోను అనే ప్రశ్నలకు జవాబు ఉన్నవాడికే వచ్చేవి. పేరు, ఊరు, కులం, ఇంటిపేరు అడగకుండా మార్కు వేసేది గుండ్రాలు దిద్దే కాగితమే, తర్వాత కంప్యూటరే. కేంద్రప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది కూడా సిఫారసుల బాధ పడలేకే. కంపెనీలు ఒకప్పుడు పేరున్న కాలేజీలకే వచ్చేవి. అందరికీ ఒకే పరీక్ష పెట్టడం వల్ల ఎర్రగుంట్ల పిల్లకు కూడా ఆ గడప తొక్కే వీలు కలిగింది. ఇది చిన్న మేలు కాదు.

అయితే మేలు చేసేదాన్ని కూడా గట్టిగా పరీక్షించాలి. ఈ విషయంలో పరిశోధకుల మాట ఇటీవలే బాగా మారింది. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల అధ్యయనాలను కూర్చి, ఉద్యోగి రాబోయే రోజుల్లో ఎలా పనిచేస్తాడో ఏ పద్ధతి ఎంతవరకు పసిగడుతుందో లెక్క కట్టారు. 0 అంటే ఏ సంబంధమూ లేదు, 1 అంటే అచ్చంగా చెప్పేస్తుంది. బుద్ధిబలం పరీక్షలకు 0.51 వచ్చింది. చేతిరాత చూసి మనిషిని చెప్పే పద్ధతికి 0.02. ఆ 0.51 అనే అంకె ప్రపంచమంతా తిరిగింది. పరీక్షలు అమ్మే సంస్థలన్నీ దాన్నే చూపించాయి. 2022లో పాల్ సాకెట్, ఆయన తోటివాళ్లు ఆ లెక్కలనే తిరిగి తవ్వారు. ఉద్యోగం వచ్చినవాళ్ల సమాచారమే దొరుకుతుంది, రానివాళ్లది దొరకదు. ఆ లోటు పూడ్చడానికి పాత లెక్కల్లో చేసిన సవరణ మోతాదు మించిందని వాళ్లు చూపించారు. సరిచేస్తే బుద్ధిబలం పరీక్ష 0.31కి దిగింది. అన్నిటికంటే పైకి వచ్చింది ఒక పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూ, 0.42. అంటే అభ్యర్థులందరినీ పనికి సంబంధించిన అవే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలతలతో మార్కులు వేయడం. ఆ పనికి కావలసిన విషయజ్ఞానం పరీక్షిస్తే 0.40. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ 0.19.

0.31 అంటే ఎంత? మనుషుల పనితనాల్లో కనిపించే తేడాలో పదో వంతును మాత్రమే ఆ పరీక్ష వివరించగలదు. మిగతా తొమ్మిది వంతులు ఇంకెక్కడో ఉన్నాయి. వేలమందిని ఎంచుకునే సంస్థకు ఆ పదో వంతు కూడా లాభమే, కాదనను. కానీ ఒక్క మార్కు తక్కువై కటాఫ్ కింద పడ్డ పిల్లవాడికి ‘నీకు తెలివి లేదు’ అని చెప్పే హక్కు ఆ అంకెకు లేదు. 2019లో ఆస్పైరింగ్ మైండ్స్ నివేదిక దేశంలో ఇంజినీర్లు నూటికి 80 మందికి పైగా కొత్తకాలపు ఉద్యోగాలకు పనికిరారని ప్రకటించినప్పుడు మా ఊరి కాలేజీల్లో పిల్లల ముఖాలు నేను చూశాను. ఆ మాట పరీక్షలో వచ్చిన మార్కుల నుంచి తీసిన మాటేనని, నాలుగేళ్లు ల్యాబుల్లో వాళ్లు చేసిన పనిని ఎవరూ చూసి చెప్పింది కాదని వాళ్లకు ఎవరూ వివరించలేదు.

కంసాలి ఒరగల్లు ఎలా వాడతాడో దగ్గరగా చూడండి. నల్లరాయి మీద నగను ఒక గీత గీస్తాడు. పక్కనే, ఎంత మచ్చో, అంటే ఎంత మేలిమిదో, ముందే తెలిసిన బంగారాన్ని ఇంకో గీత గీస్తాడు. రెండింటి మీదా ఆమ్లం చుక్క వేసి, ఏ గీత ఎంత నిలిచిందో పోలుస్తాడు. తెలిసిన గీత పక్కన లేకుంటే తెలియని గీతకు అర్థమే లేదు. ఉద్యోగ పరీక్షకు తెలిసిన గీత అంటే ఇప్పటికే ఆ పని బాగా చేస్తున్న మనిషి. మంచి క్లర్కులు, మంచి ఇంజినీర్లు ఈ ప్రశ్నలకు ఎలా జవాబిస్తారు, మార్కులు ఎక్కువ వచ్చి చేరినవాళ్లు రెండేళ్ల తర్వాత పనిలో ఎలా ఉన్నారు అని ప్రతి సంస్థా పోల్చి చూసుకోవాలి. నేను అడిగిన ప్లేస్‌మెంట్ ఆఫీసర్లలో ఎవరికీ ఏ కంపెనీ నుంచీ అట్లాంటి కాగితం అందలేదు.

ఈ పోలిక చూపించమని ఒక న్యాయస్థానమే గట్టిగా అడిగిన సందర్భం ఉంది. అది కూడా మా దగ్గరున్నట్టే బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం విషయంలోనే కావడం వల్ల నాకది మరీ దగ్గరిదనిపిస్తుంది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో డ్యూక్ పవర్ కంపెనీకి డాన్ రివర్ కేంద్రం ఉండేది. అందులో నల్లజాతివాళ్లను కూలి విభాగంలోనే పెట్టేవారు. ఆ విభాగంలో అందరికంటే ఎక్కువ జీతం తీసుకునేవాడికి కూడా మిగతా విభాగాల్లో అందరికంటే తక్కువ జీతగాడి కంటే తక్కువే వచ్చేది. ఉద్యోగాల్లో జాతివివక్షను నిషేధించే చట్టం 1965 జులై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజు నుంచే కంపెనీ మంచి విభాగాల్లో కొత్తగా చేరేవాళ్లకు రెండు ఆప్టిట్యూడ్ పరీక్షలు పెట్టింది. ఒకటి సాధారణ తెలివికి, ఇంకొకటి యంత్రాల అవగాహనకు. విల్లీ గ్రిగ్స్, ఆయన తోటి కార్మికులు కోర్టుకెక్కారు. 1971 మార్చి 8న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. హైస్కూలు పట్టా లేకుండానే, ఈ పరీక్షలు రాయకుండానే ఆ విభాగాల్లో ఎప్పటినుంచో ఉన్నవాళ్లు పని బాగానే చేస్తున్నారని కోర్టు గమనించింది. అట్లాంటప్పుడు ఈ పరీక్షకూ ఆ పనికీ సంబంధమేమిటో చూపించే బాధ్యత కంపెనీదే అంది. మనసులో చెడు ఉద్దేశం లేకపోయినా, ఒక వర్గాన్ని బయటికి నెట్టే పరీక్ష పనితో సంబంధం చూపించలేకపోతే చెల్లదని తేల్చింది.

కలమల్ల దగ్గర మనకూ ఒక థర్మల్ కేంద్రముంది. 1994లో మొదలైన రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఇవాళ 1650 మెగావాట్లకు పెరిగింది. చుట్టూ ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, ఆవల తుమ్మలపల్లె యురేనియం గని. ఆ పొగగొట్టాలు చూస్తూ పెరిగిన పిల్లలు వాటిలో ఇంజినీరుగా అడుగుపెట్టాలని కలగంటారు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో మన రాష్ట్రం చట్టం చేసింది కూడా ఆ ఆశ కోసమే. అదే కలమల్లలో, చెన్నకేశవస్వామి ఆలయ ప్రాంగణంలో, మనకు తెలిసినంతలో అన్నిటికంటే పాత తెలుగు శాసనం దొరికింది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించింది. సంస్కృత ప్రాకృతాలకే రాజగౌరవం ఉన్న రోజుల్లో, ఈ గడ్డ జనం మాట్లాడే మాటను రాజ్యవ్యవహారానికి వాడిన శాసనం. పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత అదే ఊరి పిల్ల కంపెనీ రీజనింగ్ ప్రశ్న చదవాలంటే ముందు ఇంగ్లీషు దాటాలి. ఒక గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది కూచున్నారు, ఎవరి పక్కన ఎవరు అనే ప్రశ్నలో కొలవాల్సింది తర్కాన్ని. 36 సెకన్లలో ఇరవై సెకన్లు వాక్యాన్ని లోపల తెలుగు చేసుకోడానికే పోతే మిగిలిన పదహారులో తర్కం ఎంత తెలుస్తుంది?

ఈ నొప్పి దేశమంతా ఉంది. యూపీఎస్సీ 2011లో సివిల్స్ ప్రిలిమ్స్‌లో సీశాట్ అనే ఆప్టిట్యూడ్ పేపర్ ప్రవేశపెట్టాక గ్రామీణ అభ్యర్థులు, ఇంగ్లీషు మీడియం కానివాళ్లు వెనకబడుతున్నారని 2014లో ఢిల్లీలో పెద్ద ఎత్తున ఆందోళనలు జరిగాయి. 2015 నుంచి ఆ పేపర్ మార్కులు ర్యాంకుకు కలపడం మానేసి 33 శాతం వస్తే చాలన్నారు. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇప్పటికీ ఇంగ్లీషు, హిందీలలోనే. గ్రామీణ బ్యాంకుల పరీక్షలు తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో రాయవచ్చని 2019లో కేంద్రం ప్రకటించింది. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి తెలుగులోనూ ఉంది. ఇవి సరైన అడుగులు. అయితే తెలుగు అనువాదం మక్కికి మక్కిగా ఉంటే మళ్లీ మొదటికే వస్తుంది. తెలుగు ప్రశ్న అర్థంకాక ఇంగ్లీషు చూసి, అదీ తెలియక రెండింటి మధ్య నలిగిన పిల్లలు నా దగ్గరే పదుల సంఖ్యలో ఉన్నారు. ప్రశ్నను తెలుగులోనే ఆలోచించి రాసేవాళ్లు కావాలి.

ఇంకొక మాట. సాధనతో మార్కు పెరుగుతుంది. అదే పరీక్షను రెండోసారి రాస్తే స్కోరు పెరుగుతుందని, కోచింగ్ తోడైతే ఇంకా పెరుగుతుందని 2007లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి తేల్చింది. నంద్యాలలో ఏడాది గది అద్దె కట్టగలిగిన ఇంటికీ, కట్టలేని ఇంటికీ మధ్య తేడా కూడా ఆ కటాఫ్‌లో కలిసిపోయి ఉందన్నమాట. ఆడపిల్లల విషయంలో ఇది రెట్టింపు. ‘ఒక్కదాన్నే నంద్యాలకు ఎట్లా పంపేది సార్’ అనే మాటతో ఆగిపోయిన చదువులు నాకు చాలా తెలుసు.

ఇక బలాల సంగతి. మార్కులు మనిషిని పూర్తిగా పట్టలేవన్న అసంతృప్తిలోంచే ఈ ఆలోచన పుట్టింది. అమెరికాలో డొనాల్డ్ క్లిఫ్టన్ మనిషిలోని లోపాల బదులు బలాలను వెతకాలని వాదించి 34 రకాల బలాల కొలత తయారుచేశాడు. 2004లో క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్‌మన్ 24 వ్యక్తిత్వ బలాల పట్టిక తెచ్చారు. బ్రిటన్‌లో పెద్ద సంస్థలు పట్టభద్రులను తీసుకునేటప్పుడు ‘ఏ పని చేస్తుంటే నీకు ఉత్సాహం వస్తుంది’ అనే తరహా ఇంటర్వ్యూలు మొదలుపెట్టాయి. ఆలోచన మంచిది. అది మా ఊరి కాలేజీ సెమినార్ హాలుకు చేరేసరికి ఎలా మారిందో చెబుతాను.

ఒక కాలేజీలో మాక్ ఇంటర్వ్యూలకు నన్ను పిలిచారు. వరసగా ఇరవై ముగ్గురిని కూచోబెట్టాను. ‘నీ బలాలేంటి?’ అంటే ఇరవై ముగ్గురూ ఒకే పాఠం అప్పజెప్పారు. హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్, పాజిటివ్ యాటిట్యూడ్. బలహీనత ఏమిటంటే, పని సరిగ్గా వచ్చేదాకా వదలకపోవడం. శిక్షకులు రాయించిన కాగితం అందరి ఫైలులోనూ ఉంది. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆ నాలుగు మాటలూ చెప్పి చెమట తుడుచుకుంటోంది. నేను తెలుగులోకి మారి, ‘కాలేజీ నుంచి ఇంటికి పోయినాక ఏం చేస్తాంటావ్‌మ్మా?’ అన్నాను. ‘మా అమ్మోళ్ల పొదుపు సంఘం లెక్కలు నేనే రాస్తాండా సార్, తొమ్మిదో తరగతి నుంచి.’

‘ఎప్పుడన్నా లెక్క తేడా వచ్చిందా?’

వచ్చిందట. బ్యాంకు పాసుబుక్కుకూ సంఘం పుస్తకానికీ రెండు వేల చిల్లర తేడా. అక్కలందరూ ఒకామె మీద అనుమానపడ్డారు. ఈ పిల్ల ఆర్నెల్ల రసీదులు నేల మీద పరిచి వారం వారం కలుపుకుంటూ వచ్చింది. బ్యాంకుకు మూడుసార్లు పోయింది. ఒక కంతు వేరే సంఘం ఖాతాలో జమైందని తేల్చి, మేనేజరుతో సరిచేయించి, సంఘం మీటింగులో అందరి ముందూ ఆమె తప్పేమీ లేదని చదివి వినిపించింది. చెబుతున్నంతసేపూ గొంతు వణకలేదు. ‘ఇది ఇంటర్వ్యూలో ఎందుకు చెప్పలేదు తల్లీ?’ అంటే, ‘ఇవి కూడా చెప్పచ్చా సార్?’ అని అడిగింది. ఓర్పు, నిజాయితీ, లెక్క, పదిమందిలో నిలబడి మాట్లాడటం అన్నీ ఆ ఒక్క సంగతిలో ఉన్నాయి. ప్రశ్న సరిగ్గా అడిగితే అవి బయటికొస్తాయి. బలాల జాబితా చెప్పమంటే కంఠస్థం చేసిన కాగితం బయటికొస్తుంది. ‘లెక్క తేడా వచ్చిన సందర్భం ఒకటి చెప్పు, నువ్వేం చేశావు, చివరికి ఏమైంది’ అని అడగడం వేరు, ‘నీ బలాలేంటి’ అని అడగడం వేరు. ముందు చెప్పిన 0.42కూ 0.19కీ మధ్య దూరం చాలావరకు ఇదే.

కంప్యూటర్ మీద టిక్కులు పెట్టించి మనిషి రకం తేల్చే ప్రశ్నావళుల మీద నాకు ఏమాత్రం నమ్మకం లేదు. నేను ఎప్పుడూ సమయానికి పని పూర్తిచేస్తాను, అవునా కాదా అంటే ఉద్యోగం కావలసినవాడు కాదని ఎందుకు రాస్తాడు? బాధ్యతగా ఉండే గుణానికి పనితనంతో నిజంగానే సంబంధం ఉంది. కానీ 2022 లెక్కలో అది కూడా 0.19 దగ్గరే ఆగింది. ఈ ప్రశ్నావళులు ఇచ్చే నివేదికలు చదివితే ‘అచ్చం నా గురించే రాశారు’ అనిపించడానికి వేరే కారణముంది. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, విడివిడిగా నివేదికలిచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో 5కు మార్కులేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అంగట్లో కొన్న జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు. ఇంకా ముఖ్యమైనది, మయర్స్–బ్రిగ్స్ అనే వ్యక్తిత్వ ప్రశ్నావళినీ, క్లిఫ్టన్ బలాల కొలతనూ నడిపే సంస్థలే వీటిని ఉద్యోగుల ఎంపికకు వాడవద్దని, తమను తాము తెలుసుకుని ఎదగడానికి వాడమని చెబుతాయి. ఆ హెచ్చరిక మా సెమినార్ హాలు దాకా రాలేదు. నిన్ను నువ్వు తెలుసుకోడానికి పనికొచ్చే అద్దాన్ని నిన్ను వడపోసే జల్లెడగా మార్చకూడదు.

పరీక్షను పనికి ముడివేసిన మంచి ఉదాహరణ మన ఎర్రగుంట్ల స్టేషన్‌లోనే ఆగుతుంది. రైలింజన్ నడిపే అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరాలంటే రాత పరీక్షల తర్వాత కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్ పరీక్ష ఒకటుంది. జ్ఞాపకశక్తి, సూచనలు పాటించడం, దూరాన్ని అంచనా వేయడం, ఏకాగ్రత, కంటితో చప్పున గుర్తుపట్టడం అని ఐదు భాగాలు. ప్రతి భాగంలోనూ కనీసం 42 స్కోరు రావాలి. ఏ వర్గానికీ మినహాయింపు లేదు, తప్పు జవాబుకు కోత లేదు. తుది జాబితాలో దీనికి 30 శాతం, రాత పరీక్షకు 70 శాతం. సిగ్నల్ రంగును రెప్పపాటులో గుర్తించలేనివాడు రైలు నడిపితే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి ఈ పరీక్ష ఎందుకని ఏ అభ్యర్థీ నన్ను అడగలేదు. ఓడిపోయినవాడు కూడా దాన్ని ఒప్పుకుంటాడు.

వ్యక్తిగత గుణాలను నిజంగా పట్టాలంటే ఎంత శ్రమ పడాలో సైన్యం చూపిస్తుంది. 1943లో డెహ్రాడూన్‌లో ప్రయోగంగా మొదలైన సెలక్షన్ బోర్డు పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. మన పిల్లల్లో చాలామంది బెంగళూరుకు పోయి దానికి హాజరవుతారు. ఐదు రోజులు. తెర మీద పదిహేను సెకన్లకొకటి చొప్పున 60 మాటలు, అరగంటలో 60 సందర్భాలకు ‘నువ్వైతే ఏం చేస్తావు’ అని జవాబులు, బయట మైదానంలో దుంగలు, తాళ్లతో గుంపుగా అడ్డంకి దాటడం, ఇంటర్వ్యూ. అధికారికి కావలసిన 15 గుణాలను ముగ్గురు వేర్వేరు నిపుణులు విడివిడిగా చూసి చివరికి ఒకచోట కూచుంటారు. దీనిలోనూ లోపాలున్నాయి, దీనికీ కోచింగులు పుట్టాయి. అయినా మనిషిని చూడటానికి ఐదు రోజులు కేటాయించడంలో ఒక మర్యాద ఉంది. పది నిమిషాల ప్రశ్నావళితో నాయకత్వ లక్షణాలు తేల్చేస్తామనేవాళ్లు దాన్ని ఒకసారి చూసి రావాలి.

పుట్టిన చోటును లెక్కలోకి తీసుకున్న పద్ధతి కూడా మన జిల్లాలోనే ఉంది. 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చినప్పుడు ప్రవేశపరీక్ష వద్దన్నారు. పదో తరగతి మార్కులే ఆధారం. పైగా ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు, వాళ్లు దాటొచ్చిన లోటును గుర్తించి, కొంత స్కోరు కలిపారు. కూలికి పోయే ఇళ్ల పిల్లలు ఆ వందల ఎకరాల ప్రాంగణంలోకి పెట్టె చేత్తో పట్టుకుని నడిచివచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇది ఉద్యోగాల ఎంపిక కాదు, చదువులోకి ఎంపిక. అయినా ఎక్కడినుంచి బయలుదేరి ఇక్కడిదాకా వచ్చావు అని అడగడం సాధ్యమేనని అది చూపించింది. బయటి ప్రపంచంలోనూ ఆ కదలిక ఉంది. 2015లో ఎర్న్‌స్ట్ అండ్ యంగ్ బ్రిటన్‌లో డిగ్రీ మార్కుల కనీస అర్హతను ఎత్తేసింది. పాత మార్కుల బదులు తమ పనికి తగ్గ పరీక్షలనూ బలాలనూ చూస్తామంది.

నేను అడిగేది పెద్దగా ఏమీ లేదు. ఆప్టిట్యూడ్ మార్కు కటాఫ్ దాటిందా లేదా వరకు చూసి, ర్యాంకు మాత్రం పనికి సంబంధించిన పరీక్షతో ఇవ్వండి. సీశాట్ విషయంలో దేశం ఆ దారికే వచ్చింది, గేట్ ఆప్టిట్యూడ్‌ను 15 మార్కులకే పరిమితం చేసింది. క్లర్కు పనికి తేడా వచ్చిన ఖాతా ఒకటి ముందు పెట్టి సరిచేయమనండి. ప్లాంటు ఇంజినీరుకు పంపు డ్రాయింగు ఒకటి ఇచ్చి ఎక్కడ ఆగిపోయిందో వెతకమనండి. ఇంటర్వ్యూలో అందరినీ అవే ప్రశ్నలు అడగండి, తెలుగులో చెబితే తెలుగులో వినండి. ఎంపికైనవాళ్లు రెండేళ్లకు ఎలా ఉన్నారో చూసి, పరీక్షకు మార్కులు వేయండి, ఆ కాగితాన్ని కాలేజీలకు పంపండి. కాలేజీల్లో మేము కూడా బలాల జాబితా రాయించడం ఆపి, పిల్లలతో వాళ్లు చేసిన పనులు చెప్పించడం నేర్పాలి. ఆ ఇరవై ముగ్గురిలో మిగతా ఇరవై ఇద్దరినీ ఆ రోజు నేను ఇంటి సంగతి అడగలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మొదట చెప్పిన కంసాలి పిల్లవాడు గ్రామీణ బ్యాంకు క్లర్కు పరీక్ష రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ రీజనింగ్‌లోనే దెబ్బతిన్నాడు. వాళ్ల నాయన మాత్రం పట్టణంలో ఒక బ్యాంకు బ్రాంచికి బంగారం రుణాల అప్రైజరు. కుదువ పెట్టడానికి ఎవరైనా గొలుసు తెస్తే ఆయనకు కబురొస్తుంది. ఒరగల్లు జేబులో వేసుకుని పోయి, గీసి చూసి, ఇంత మచ్చ, ఇంత తూకం అని కాగితం మీద సంతకం చేస్తాడు. ఆ సంతకం చూసి బ్యాంకు లక్షలు ఇస్తుంది. ఆయనకు చూపు తగ్గింది కాబట్టి ఈమధ్య కొడుకు కూడా వెంట పోతున్నాడు. గీత చూసి మచ్చ చెప్పేది కొడుకే, సంతకం నాయనది. కౌంటరు ఇవతల పక్క పని ముగించుకుని, ఆ పిల్లవాడు సాయంత్రం ఆరుకల్లా మాక్ టెస్టుకు వచ్చి కూచుంటాడు. ఈసారి తెలుగు ప్రశ్నపత్రం పెట్టుకున్నాడు. 45 నిమిషాలు, 80 ప్రశ్నలు.